జెర్సీ ఆరని ఆదివారం

డిసెంబరులో ఓ ఆదివారం, తెల్లవారుజాము 5.30 గంటలు. నోయిడాలో మహామాయా ఫ్లైఓవర్ దగ్గర పొగమంచులో 22 సైకిళ్ళు బారులు తీరాయి. 21 మంది ఒంటిమీద ఒకే జెర్సీ: నీలం మీద నారింజ చారలు, వీపున క్లబ్బు గుర్తు, దాని కింద ఎవరినీ వదిలి వెళ్ళబోమన్న నినాదం ఇంగ్లీషులో. నల్లటి బిగుతు షార్ట్స్, ఒకే ఎత్తు మేజోళ్ళు. ఇరవై రెండో ఆయన మాత్రం బూడిదరంగు స్వెట్టరు, ట్రాక్ ప్యాంటుతో వచ్చారు. ఆయన చేసిన నేరమల్లా శనివారం మధ్యాహ్నం జెర్సీ ఉతకడం. పాలిస్టర్ బట్టే కదా, తెల్లారేసరికి ఆరిపోతుందనుకున్నారు. ఢిల్లీ చలికాలంలో తీగ మీద వేసిన బట్ట రాత్రికి ఇంకాస్త తడుస్తుందన్న సంగతి, 15 ఏళ్ళుగా ఇక్కడే కాపురమున్న మనిషికి ఆ పూట గుర్తులేదు.

బయల్దేరే ముందు ఫొటో దిగడం ఆనవాయితీ. జట్టు కెప్టెన్ మర్యాదస్తుడే. "సర్, మీరు కాస్త ఆ చివర నిలబడతారా? రంగు కలవడం లేదు" అన్నాడు. ఆయన చివరికి జరిగారు. వాట్సాప్‌లోకి వచ్చిన ఫొటోలో ఆయనది ఎడమ భుజం, ఒక చక్రం మాత్రమే పడ్డాయి.

ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వయసు 48. రెండేళ్ళ కిందట రక్తపోటు మాత్రలు రాసిన డాక్టరు సలహా మీద హైబ్రిడ్ సైకిల్ కొన్నారు. ఒంటరిగా తొక్కితే వారానికో రోజు బద్ధకం అడ్డొస్తోందని క్లబ్బులో చేరారు. సైకిల్ కొనడంతో ఖర్చు అయిపోయిందనుకుంటే, అసలు ఖర్చు అప్పుడే మొదలైంది. మెత్త ఉన్న షార్ట్స్, గాలి ఆపే పలుచటి కోటు, వేళ్ళు కనిపించే చేతి తొడుగులు, హెల్మెట్, చివరికి జట్టు జెర్సీ. సరైన దుస్తులంటే ఏమిటో చెప్పడానికి జట్టులో పాతకాపులు ఎప్పుడూ సిద్ధమే. షార్ట్స్ నల్లవే ఉండాలి. దాని లోపల లోదుస్తులు వేసుకోకూడదు. మేజోళ్ళు మరీ పొట్టిగా ఉండకూడదు, మరీ పొడవూ కూడదు. హెల్మెట్ రంగు జెర్సీకి నప్పాలి. పెళ్ళిళ్ళలో కూడా ఇన్ని నియమాలు పాటించలేదని ఆయన భార్య ఎత్తిపొడుపు.

నవ్వుకోవడానికి బాగానే ఉన్నా, ఈ నియమాల్లో చాలావాటికి కారణాలున్నాయి. నూలు బనీను చెమటను పీల్చి పట్టుకుంటుంది. జనవరి తెల్లవారుజామున ఆ తడి మీద గాలి కొడితే ఒళ్ళు వణుకుతుంది. పాలిస్టర్ అల్లిక చెమటను బయటికి నెట్టి తొందరగా ఆరుతుంది. వేగం గంటకు 25 కి.మీ. దాటితే తొక్కేవాడి శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతుంది. రెపరెపలాడే చొక్కా ఆ గాలికి తెరచాప. షార్ట్స్‌లోని మెత్త ఒకప్పుడు నిజంగా తోలే, ఇప్పుడది స్పాంజి. దానికీ చర్మానికీ మధ్య ఇంకో బట్ట ఉంటే కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. నడుము వెనక మూడు జేబులుండేది, వంగి తొక్కుతున్నా గాలి పంపు, ఫోను, అరటిపండు జారిపోకుండా ఉండటానికి. సాగి మళ్ళీ యథాస్థితికొచ్చే దారాన్ని 1958లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. లైక్రా అన్న పేరుతో ప్రపంచమంతా తెలిసింది అదే.

అయితే లైక్రా ఒంటికి ఎంత హాయి అయినా ఊరికి కొత్తే. సవారీ ఇండియా గేటు దాకా సాగిన ఓ ఆదివారం, ఫలహారానికి ఆంధ్రా భవన్ క్యాంటీన్ వరసలో నిలబడ్డ ఆయన్ను వెనకున్న ఓ పెద్దాయన కింది నుంచి పై దాకా చూసి, "నాయనా, ప్యాంటు మర్చిపోయావా?" అని నిజమైన సానుభూతితో అడిగారు. ఆ తర్వాత ఆయన ఆంధ్రా భవన్‌కు వెళ్ళాల్సిన రోజున సంచిలో ఒక లుంగీ పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు.

జెర్సీ ఆరని ఆ ఆదివారానికి వస్తే, జట్టు గ్రేటర్ నోయిడా పరీ చౌక్ వైపు సాగింది. ఎక్స్‌ప్రెస్‌వే పక్కనున్న సర్వీస్ రోడ్డు మీద పది గజాల అవతల ఏముందో తెలియడం లేదు. 2010 కామన్వెల్త్ క్రీడల్లో సైకిల్ టైమ్ ట్రయల్ జరిగింది ఈ ఎక్స్‌ప్రెస్‌వే మీదే. ఒంటికి అతుక్కున్న దుస్తుల్లో స్కాట్లాండ్ ఆటగాడు డేవిడ్ మిల్లర్ ఇక్కడే స్వర్ణం గెలిచాడు. ఆ సంగతి క్లబ్బులో కొత్తగా చేరిన ప్రతివాడికీ చెబుతారు. ఆ రోజుల్లో ఆ దారిని మిగతా వాహనాలకు మూసేశారన్నది మాత్రం చెప్పరు.

ఫేజ్-2 మలుపు దగ్గర ఆయన వెనక టైరు దిగిపోయింది. జీను కింద సంచిలో కొత్త ట్యూబు ఉంది. పంపు లేదు. అది ఎప్పుడూ ఉండేది జెర్సీ వెనక జేబులో. జెర్సీ తీగ మీద ఉంది, పంపు ఇంట్లో ఉంది. కెప్టెన్‌కు ఫోను చేశారు. వీపు జేబుల్లో మోగే ఫోన్లు సవారీలో ఎవరికీ వినపడవు. అయినా ఆయన కంగారు పడలేదు. జట్టులో చివరన ఒకరుంటారు, వెనకబడ్డవాళ్ళను చూసుకోవడం అతని పని. ఆ కుర్రాడు రెండు నిమిషాల్లో రానే వచ్చాడు. దీపం వెలుగు ఆయన స్వెట్టరు మీద, ట్రాక్ ప్యాంటు మీద పడింది. కుర్రాడు వేగం తగ్గించకుండా దాటిపోయాడు.

"ఎవరో ఫ్యాక్టరీ మనిషి అనుకున్నాను సర్" అని తర్వాత ఆ కుర్రాడు ఎంతో నొచ్చుకుంటూ చెప్పాడు. ఆ రోజంతా ఆయన చెవుల్లో మోగిన మాట అదే. కుర్రాడి మీద కోపం రాలేదు. ఆయన కూడా అదే చేసి ఉండేవారు. నిజానికి రెండేళ్ళుగా ప్రతి ఆదివారం అదే చేస్తూ వచ్చారు. ఆ దారిలో వాళ్ళకు ఎదురయ్యే, వాళ్ళు దాటిపోయే సైకిళ్ళు వందల్లో ఉంటాయి. వాటిని ఆయన ఒక్కసారీ లెక్కపెట్టలేదు.

ఆయన్ను పట్టించుకున్నది ఆ వందల్లో ఒకడు. ముప్పై ఏళ్ళుంటాయి. ముదురు గోధుమరంగు స్వెట్టరు, మెడచుట్టూ మఫ్లరు, హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా, చెప్పులున్న కాళ్ళకు చలి తగలకుండా ప్లాస్టిక్ సంచులు. బిహార్ నుంచి వచ్చి హోజరీ కాంప్లెక్స్‌లో ఓ గార్మెంట్స్ యూనిట్‌లో టైలరుగా పనిచేస్తున్నాడు. ఎగుమతి ఆర్డరు గడువు దగ్గర పడితే ఆదివారం కూడా డ్యూటీయే. అతను దిగి మొదట చేసింది, ఆయన్నూ సైకిల్‌నూ రోడ్డు అంచు నుంచి కాలిబాట మీదికి లాగడం. "ఇక్కడ నిలబడకండి బాబూజీ. మంచులో మీరు కనపడరు" అన్నాడు. తర్వాత గేటు దగ్గర పంక్చర్ల దుకాణం దాకా నడిపించుకెళ్ళాడు. ట్యూబు మార్చేలోపు ఇద్దరూ టీ తాగారు. అప్పుడు చెప్పాడు, కిందటి జనవరిలో తన గదిలో ఉండే మనిషి అదే మలుపులో పోయాడని. నల్ల శాలువా కప్పుకుని నైట్ డ్యూటీ నుంచి వస్తున్నాడు. కారతను కనపడలేదన్నాడు. "అది అబద్ధం కాకపోవచ్చు బాబూజీ. నాకూ కనపడడు, ఆ శాలువాలో" అన్నాడు టైలరు, టీ గ్లాసు కింద పెడుతూ.

ఆయన ఆలస్యంగా ఇల్లు చేరేసరికి బాల్కనీలో తండ్రి ఎండ కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉన్నారు. వయసు 78. తపాలా శాఖలో పోస్ట్‌మ్యాన్‌గా చేసి పదవీ విరమణ పొందారు. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో ఎండా వానా అనకుండా సైకిల్ తొక్కిన మనిషి. కొడుకు జెర్సీ వేసుకున్న మొదటిరోజే ఆయన "ఏంట్రా ఈ అవతారం?" అన్నారు. తీగ మీద ఇంకా చెమ్మగానే ఉన్న జెర్సీని చూపించి, జరిగింది చెప్పుకొచ్చాడు కొడుకు.

తండ్రి నవ్వలేదు. "మరి యూనిఫాం అంటే అంతేగా. ఖాకీ వేసుకుంటే కుక్క మొరిగేది, వేసుకోకపోతే మనిషి మొరిగేవాడు. సెలవు రోజున లుంగీ మీద పోయి ఎక్స్‌ప్రెస్ టెలిగ్రాం ఇద్దామంటే, నాకు రోజూ మజ్జిగిచ్చే ఇల్లాలే ఎవరు కావాలని అడిగింది" అన్నారు.

"అంటే బట్టల్ని బట్టే మనిషంటావా నాన్నా?"

"కాదురా. చొక్కా మన కోసం కాదంటున్నా. చూసేవాళ్ళ కోసం. ఖాకీ వీధి మొదట్లో కనిపించగానే మనియార్డరు కోసం ఎదురుచూసే ముసలమ్మ గడప దాకా వచ్చేది. నేను వెళ్ళి తలుపు కొట్టే పని ఉండేది కాదు. మన ఒంటికి పనికొచ్చింది ఇదొక్కటే" అంటూ ఆయన చూపించింది, ఊరి నుంచి వచ్చేటప్పుడు పాత ట్రంకులోంచి తెచ్చుకున్న ఉక్కు క్లిప్పుల జత. ప్యాంటు అంచు గొలుసులో పడకుండా చీలమండ దగ్గర పెట్టుకునేవి. అరిగి అరిగి వెండిలా మెరుస్తున్నాయి.

సైకిల్ దుస్తుల చరిత్రను తిరగేస్తే ఆ పోస్ట్‌మ్యాన్ మాటకు సాక్ష్యాలు దొరుకుతూనే ఉంటాయి. సైకిల్ సంఘాలకు యూనిఫాం పిచ్చి కొత్తది కాదు. బ్రిటన్‌లో 1878లో పుట్టిన పర్యాటక సైక్లిస్టుల సంఘం మొదట్లో తన సభ్యులకు ఆకుపచ్చ కోటు, మోకాళ్ళ దాకా లాగు, టోపీ నిర్ణయించింది. తారు లేని ఆనాటి దారుల దుమ్ము ఆకుపచ్చ మీద కొట్టొచ్చినట్టు కనిపించడంతో బూడిదరంగుకు మారింది. మురికి కనపడకూడదని రంగు ఎంచుకోవడం అప్పటి పెద్దమనుషులకైనా, ఇప్పటి టైలరుకైనా ఒకటే లెక్క. కాకపోతే అప్పటి దారుల్లో కార్లు లేవు.

అదే సంఘం 1898లో తన సభ్యురాలి దుస్తుల కోసం కోర్టుకెక్కింది. లేడీ హార్బర్టన్ అనే ఆమె పొడవాటి గౌను బదులు వదులు లాగు వేసుకుని సైకిల్ తొక్కుతూ సర్రీలోని ఓ హోటల్‌కు వెళ్తే, ఆ దుస్తులతో కాఫీ గదిలోకి రానివ్వబోమన్నారు. చక్రాల్లో చిక్కుకునే గౌనుకంటే లాగు క్షేమమన్నది ఆమె వాదన. 1899లో కేసు ఓడిపోయారు. అయినా ఓ సభ్యురాలి బట్టలు నలుగురికీ నచ్చకపోయినా ఆమె పక్షాన నిలవాలని ఆ సంఘం అనుకోవడం గమనించాల్సిన విషయం. ఒకే రంగు ధరించడం కన్నా కష్టమైన పని అది.

అదే దేశంలో 1890ల నాటి పందేల వీరులు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కారణంతో బట్టలు ఎంచుకున్నారు. రోడ్ల మీద పందేలంటే పోలీసులకూ గుర్రబ్బండ్ల యజమానులకూ మంట. అందుకని తెల్లవారుజామున, ఒక్కొక్కరుగా, మెడ నుంచి చీలమండ దాకా నల్లటి బట్టల్లో, ఎవరి కంటా పడకుండా తొక్కేవారు. ఫ్రాన్స్‌లో కథ తిరగబడింది. 1919 టూర్ డి ఫ్రాన్స్‌లో ముందున్నవాడెవడో దారి పక్కన జనం గుర్తుపట్టడానికి పసుపు జెర్సీ వచ్చింది. పందేన్ని నడిపే లోటో పత్రిక అచ్చయ్యేది పసుపు కాగితం మీదే. దాన్ని మొదట తొడుక్కున్నది యూజిన్ క్రిస్టోఫ్. ఒకరు కనపడకూడదని నలుపు, ఇంకొకరు కనపడాలని పసుపు. రెండూ చూసేవాడి కంటిని దృష్టిలో పెట్టుకున్నవే.

ఇప్పుడు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిబంధనలు చూస్తే క్లబ్బు పాతకాపులు పసిపిల్లలనిపిస్తారు. పందెంలో చేతులు లేని జెర్సీ నిషిద్ధం. ఒక జట్టువాళ్ళందరిదీ ఒకే దుస్తులు. మేజోళ్ళ ఎత్తు చీలమండకూ మోకాలి కింది ఎముకకూ సగం దూరం దాటకూడదు. 2019 నుంచి దాన్ని కొలవడానికి ప్రత్యేకంగా ఒక పరికరమే ఉంది. ఇన్ని పట్టింపులున్న ఆ సమాఖ్య తలకు హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది మాత్రం 2003లో, పారిస్-నీస్ పందెంలో పడి ఆండ్రీ కివిలెవ్ అనే ఆటగాడు చనిపోయాక. ప్రాణం కాపాడే వస్తువు నిబంధనగా మారడానికి ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది.

ఢిల్లీలో ఆ పందేల దుస్తులకు న్యాయమైన చోటు లేకపోలేదు. ఇందిరాగాంధీ క్రీడా ప్రాంగణంలోని వెలోడ్రోమ్‌లో 2022 జూన్‌లో జరిగిన ఆసియా ట్రాక్ ఛాంపియన్‌షిప్‌లో మణిపూర్ కుర్రాడు రొనాల్డో సింగ్ స్ప్రింట్‌లో రజతం గెలిచి, ఆ స్థాయి పోటీల్లో రజతం తెచ్చిన తొలి భారతీయ సైక్లిస్టయ్యాడు. సెకనులో వందో వంతు తేడాతో పతకం చేజారే ఆ ఆటలో చొక్కా ముడత కూడా లెక్కే. పరీ చౌక్ దాకా వెళ్ళి పరాఠా తిని తిరిగొచ్చే ఉద్యోగికి ఆ ముడత వల్ల పోయేదేమీ లేదు.

అతనికి పోయేది ఉంటే వేరే ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం వ్యవసాయం, కుటీర పరిశ్రమ కాకుండా ఇతర పనులకు వెళ్ళేవారిలో సుమారు 13 శాతం మంది సైకిల్ మీదే వెళ్తున్నారు. ఢిల్లీ చుట్టుపక్కల వాళ్ళ సైకిల్ అంటే చాలాకాలం అట్లాసే. 1951లో సోనీపత్‌లో మొదలైన ఆ కంపెనీ, సాహిబాబాద్‌లోని తన ఫ్యాక్టరీలో పని ఆపేసింది 2020 జూన్ 3న. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. దేశంలో సైకిల్ సంస్కృతి పెరుగుతోందని వారాంతపు క్లబ్బులు సంబరపడుతున్న కాలంలోనే, వారమంతా తొక్కేవాళ్ళ సైకిల్ ఫ్యాక్టరీకి తాళం పడింది. ఆ తొక్కేవాళ్ళను ఎవరూ సైక్లిస్టులనరు. వాళ్ళను గుర్తుపట్టే దుస్తులంటూ ఏవీ లేవు.

బట్టలు చూసి డ్రైవర్లు జాగ్రత్త పడతారా? దీనికి సమాధానం అంత సూటిగా లేదు. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ వాకర్ బృందం ఏడు రకాల దుస్తుల్లో సైకిల్ తొక్కించి, పక్కనుంచి దాటే వాహనాలు ఎంత దూరం పాటిస్తున్నాయో కొలిచింది. పందేల జెర్సీ అయినా మామూలు బట్టలైనా మెరిసే కోటైనా పెద్ద తేడా లేదు. పోలీసు అని రాసి, వీడియో తీస్తున్నామని హెచ్చరించిన కోటుకు మాత్రమే డ్రైవర్లు కాస్త ఎక్కువ చోటిచ్చారు. 2014లో అచ్చయిన ఈ ఫలితం ఢిల్లీ వాసులకు ఆశ్చర్యం కలిగించదు. చూసినా లెక్కచేయనివాడికి ఏ రంగూ అడ్డు కాదు.

కానీ చూడలేకపోయినవాడి సంగతి వేరు. డెన్మార్క్‌లో 6,793 మందితో జరిపిన ప్రయోగంలో ముదురు పసుపు కోటు వేసుకున్నవారికి ఇతరులతో ఢీకొని గాయపడ్డ ప్రమాదాలు 47 శాతం తగ్గాయి. చెప్పేవారి పక్షపాతాన్ని తీసేసి లెక్కగట్టినా 38 శాతం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో సంగతి కనిపెట్టారు. రాత్రిపూట ఒట్టి మెరుపు కోటు కన్నా, మోకాళ్ళకూ చీలమండలకూ మెరుపు పట్టీలు కట్టుకుంటే డ్రైవర్లు ఎక్కువ దూరం నుంచి గుర్తుపడతారు. కదలకుండా మెరిసేది స్తంభమో చెత్తడబ్బానో కావచ్చు. పైకీ కిందికీ తిరుగుతూ మెరిసేది మనిషి కాలే. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ 1,200 కి.మీ. సవారీకి భారత్ నుంచి కూడా వందలాది మంది వెళ్ళొచ్చారు. అక్కడ ఎవరి జెర్సీ ఏ రంగన్నది ఎవరికీ పట్టదు. రాత్రి మెరుపు కోటు, దీపాలు లేకపోతే మాత్రం ముందుకు సాగనివ్వరు.

తర్వాతి ఆదివారం ఆయన ఆరిన జెర్సీ వేసుకుని అదే టీ కొట్టు దగ్గర ఆగారు. టైలరు జెర్సీ పక్క కుట్టును రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, "ఫ్లాట్‌లాక్. నాలుగు సూదుల మిషను. లోపలివైపు గీసుకోదు" అన్నాడు. రెండేళ్ళుగా వేసుకుంటున్న బట్ట గురించి ఆయనకు ఆ మాత్రం తెలియదు. ఇలాంటివి మీరూ కుడతారా అంటే, సీజన్‌లో రోజంతా అదేనన్నాడు. అప్పుడు ఆయన జేబులోంచి తండ్రి క్లిప్పులు తీసి చూపించి, ఇలా చీలమండకు చుట్టే మెరుపు పట్టీ కుట్టడానికి ఎంతవుతుందని అడిగారు. టైలరు వేళ్ళ మీద లెక్కవేశాడు. మెరుపు టేపు మీటర్ల లెక్కన గాంధీనగర్ బజారులో దొరుకుతుంది. వెల్క్రో కూడా అంతే. అద్దె మిషను మీద రాత్రిళ్ళు కుట్టొచ్చు. టేపు ఖర్చు, కుట్టుకూలీ కలిపి జత ఖరీదు రెండు టీలు, ఒక సమోసా అంత.

క్లబ్బు సమావేశంలో కొత్త సంవత్సరం జెర్సీ చర్చ నడుస్తుండగా ఆయన ఈ ప్రస్తావన తెచ్చారు. సభ్యులు ఒక్కొక్కరు రెండు జతల డబ్బిచ్చి ఒక జత తీసుకోవాలి, రెండో జత టీ కొట్టు దగ్గర డ్యూటీకి వెళ్ళేవాళ్ళకు. కుట్టేది టైలరే, కూలీ అతను చెప్పినంత. అభ్యంతరాలు రాకుండా ఎలా ఉంటాయి? క్లబ్బు సేవా సంస్థ కాదని ఒకరు. ఉచితంగా ఇస్తే ఎవరూ వాడరని ఇంకొకరు. అవతలివాళ్ళు ఎవరో తెలియకుండా ఎలా అని మరొకరు. ఆయన వాదన పెంచలేదు. మలుపు దగ్గర ఏం జరిగిందో, తనను ఎవరనుకున్నారో చెప్పారు. చివరన తొక్కే కుర్రాడు తలవంచుకుని, "నా రెండు జతల డబ్బు రాసుకోండి" అన్నాడు. కెప్టెన్ కాసేపు ఆలోచించి అడిగిన ప్రశ్న ఒక్కటే: "నీలం రంగులో వస్తాయా?"

నీలం రంగులోనే వచ్చాయి, నడుమ వెండిరంగు మెరుపు గీతతో. 200 జతలు. మొదటివారం టీ కొట్టు దగ్గర కొందరు అనుమానంగా చూసి వద్దన్నారు. ఇది ఏ పార్టీదని ఒకడు అడిగాడు. ఇంకొకడు తీసుకెళ్ళి టిఫిన్ డబ్బాకు కట్టుకున్నాడు. టైలరు ఊరుకోలేదు. తన గదిలోవాళ్ళకు, పక్క గదుల వాళ్ళకు తానే కాళ్ళకు చుట్టి చూపించాడు. క్లబ్బులోనూ అందరూ మారిపోలేదు. ఒకరిద్దరు ఫొటో దిగేముందు పట్టీలు విప్పేసి, తర్వాత మళ్ళీ కట్టుకుంటారు. ఊరికి తిరుగుప్రయాణమైన పోస్ట్‌మ్యాన్ మాత్రం ఒక జత తీసుకుని, పాత క్లిప్పులు కొడుకు బల్లసొరుగులో పెట్టి వెళ్ళారు.

జనవరిలో పొగమంచు ముదిరింది. పక్కనే యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్ల గరిష్ఠ వేగాన్ని ఏటా చలికాలంలో చేసినట్టే గంటకు 100 నుంచి 75 కి.మీ.కు తగ్గించారు. సర్వీస్ రోడ్డుకు అలాంటి నియమాలేవీ లేవు. ఓ ఆదివారం జట్టు చివరన తొక్కే వంతు ఆయనకు వచ్చింది. ఫేజ్-2 మలుపు దగ్గర ముందు అంతా తెల్లటి గోడ. ఆ గోడలో, నేలకు జానెడు ఎత్తున, రెండు వెలుగు చుక్కలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఆడుతూ కనిపించాయి. ఆయన బ్రేకు మీద వేళ్ళు వేశారు. వెనక నుంచి వస్తున్న కారు కూడా హారన్ కొట్టి, కుడివైపు జరిగి, నెమ్మదిగా దాటిపోయింది. దగ్గరికి వెళ్ళాక స్వెట్టరు కనిపించింది, ఆ తర్వాత టిఫిన్ డబ్బా. క్లబ్బు మనిషి కాదు, టైలరూ కాదు. ఎవరో ఫ్యాక్టరీ మనిషి. ఆయన పక్కగా వెళ్తూ గంట మోగించి, రామ్ రామ్ చెప్పి, ఆ పూట లెక్కలో అతన్ని కూడా వేసుకున్నారు.